నీళ్ల మీద పుట్టి అనరు

ఈ కాలపు పిల్లల్ని పుట్టి అంటే ఏమిటని అడిగి చూడండి. సగం మంది పుట్టి పెరిగిన ఊరు గురించి చెప్పబోతారు. మిగతా సగం గోడకు రంగు వేసే ముందు పూసే పిండి అంటారు. వాళ్ల తప్పు లేదు. మాట ఉద్యోగం మానేసి చాలా కాలమైంది, నాలాగే.

మా కాలంలో ఆ ఒక్క మాట తెల్లవారి లేచింది మొదలు ఎంత చాకిరీ చేసేదో. రైతు నోట్లో పుట్టి అంటే ఇరవై తూముల ధాన్యం. అదీ ఖాయం కాదు. కృష్ణకు ఇవతల గద్వాల సంస్థానంలో కొలిచే తూము, అవతల వనపర్తి వైపు కొలిచే తూము ఒకటి కావు. వడ్లు నది దాటితే పెరిగేవో తరిగేవో దేవుడికే తెలియాలి. భూముల మాట వచ్చినప్పుడు పుట్టి అంటే అంత విత్తనం పట్టే నేల. పెళ్లి మాటల్లో 'వాళ్లకు పుట్టెడు భూమి ఉంది' అంటే అవతలివాళ్లు తాంబూలం గబగబా నమిలేవారు. మా అమ్మ ఆ మాటతో ఏనాడూ ధాన్యం కొలవలేదు, కొలవడానికి మా ఇంట్లో అంత ఉంటే గదా. ఆమెకున్నది పుట్టెడు పని, పుట్టెడు దుఃఖం, నేను కలిగాక పుట్టెడు తలనొప్పి. ఎవరి సంసారమైనా చెడిపోతే 'వాని పుట్టి మునిగింది' అనేవాళ్లు. ఏ పుట్టి, ఎక్కడ మునిగింది అని ఎవరూ అడిగేవారు కాదు.

ఆ పుట్టి మాది. నేను దానిలో ఉద్యోగం చేశాను.

వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్టను ఊహించుకోండి. దాని అడుగున, చుట్టూరా బర్రె తోళ్లు కుట్టి, ఆముదం పట్టించి నది మీద వదిలితే అదే పుట్టి. దానికి ముందూ వెనకా ఉండవు. తనను తాను చుట్టుకుంటూ పోతుంది. కొత్తగా ఎక్కినవాళ్లకు అవతలి ఒడ్డు ఒకసారి కుడి పక్కన, ఒకసారి ఎడమ పక్కన, ఒకసారి వీపు వెనక కనిపిస్తుంది. కళ్లు మూసుకుంటే మేలని మేము చెప్పేవాళ్లం. కళ్లు మూసుకున్నవాళ్లు అరవరు.

నేను దానిలోకి ఎలా వచ్చానంటే, బడి నన్ను పంపించింది. అప్పట్లో బడిలో ఉర్దూ అక్షరాలు ముందు. పంతులు 'బే' రాసి చూపించాడు. గిన్నెలా ఒక గీత, కింద ఒక చుక్క. అది అచ్చం కారుతున్న పుట్టిలా ఉందని నేను పైకే అన్నాను. తర్వాత 'పే' వచ్చింది, కింద మూడు చుక్కలు. ఇది బాగా కారుతోంది పంతులూ అన్నాను. 'తే' మీద రెండు చుక్కలు చూసి, దీనిలో ఇద్దరు ఎక్కారన్నాను. మూడో మనిషి ఎక్కే 'సే' దాకా నన్ను ఉంచలేదు. బెత్తం విరిగింది, నా చదువూ అక్కడే ఆగింది. మా నాయన నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి రేవులో అప్పగించాడు. అలా నది పక్కనే పెరిగి, మీసం వచ్చేసరికి రెండో తెడ్డు నా చేతికి వచ్చింది.

రేవును సంస్థానం వేలం వేసేది. నేను చెప్పే రోజుల్లో దాన్ని గుత్తకు పట్టినది ఒక ముస్లిం పెద్దమనిషి. అందరం చిచ్చా అనేవాళ్లం. ఒడ్డు మీద వేపచెట్టు కింద నులకమంచం వేసుకుని, బీడీ సగం తాగి, మిగతా సగం చెవి మీద దాచుకునేవాడు. ఆయనకు రేవు ఎగువన ఒక బావి, మిరపతోట ఉండేవి. తోట మాట ఎత్తితే ఆయన గొంతు మెత్తబడేది. ఏ మనిషి మీదా అంత మెత్తదనం ఎప్పుడూ చూపలేదు.

పెద్ద తెడ్డు పట్టేది బెస్తవారి కాక. నది మీద ఆయన మాటే మాట. ఎవరిని ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోవాలి. ఎవరూ లేవకూడదు. చెప్పులు ఒడ్డునే విప్పాలి. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది. నీళ్ల మీద ఉన్నంతసేపు పుట్టి అన్న మాట అనకూడదు. ఒడ్డున ఎన్ని సార్లయినా అనుకో, నీళ్ల మీద మాత్రం దాన్ని 'తల్లి' అనాలి. మునగడం, కారడం లాంటి మాటలు అసలే వద్దు. 'నీళ్లు ఇనుకుంటయిరా' అనేవాడు కాక. నీళ్లకు చెవులెక్కడివని నేను అడిగితే తెడ్డుతో నా వీపు మీద చూపించేవాడు.

మూడోవాడు కుట్టన్న. తోలు పని చేసేవాడు. పుట్టికి కుట్టు వేసేది, విప్పేది ఆయనే. ఇంటిల్లిపాదీ అప్పటికి కొద్ది కాలం కిందటే కిరస్తానీ మతం తీసుకున్నారు. ఆదివారం తెల్ల చొక్కా తొడుక్కుని పక్క ఊరికి ప్రార్థనకు పోయేవాడు. ఆ రోజు సూది ముట్టేవాడు కాదు.

నేను చెప్పదలచుకున్న సంగతి శ్రావణంలో జరిగింది. వానలు మొదట్లో ఒకసారి మురిపించి పోయాయి. నది చిక్కిపోయి, మా వైపు పాయ మోకాలి లోతుకు దిగింది. నది నడుమ ఒక గడ్డ ఉంది. నీళ్లు తగ్గినప్పుడు ఆ పాయలో నడిచి దాని మీదికి పోవచ్చు. అక్కడ గడ్డి బాగా మొలుస్తుంది కాబట్టి ఒక ముసలి గొల్లాయన, ఆయన కోడలు తమ గొర్రెల మందను తోలుకుపోయి అక్కడే గుడిసె వేసుకున్నారు. కొడుకు బొంబాయికి మట్టి పనికి పోయాడు. 'వాడొచ్చేదాక మంద నాది కాదు, వానిది. నేను కాపలోన్ని' అని ముసలాయన రేవులో ప్రతివాడికీ చెప్పాడు.

రెండు పాయల్లోనూ మనుషులు నడిచే దాటుతున్నారు, పుట్టికి పని లేదు. అడుగున ఒక తోలు ముదిరిపోయింది, మార్చాలని గురువారం కుట్టన్న దాన్ని ఊడదీశాడు. కొత్త తోలు శుక్రవారం గద్వాలలో కొనుక్కొస్తానని చిచ్చా పోయాడు. నమాజు అయ్యాక ఎవరో చుట్టం ఇంట్లో భోజనం, భోజనం తర్వాత కునుకు. వట్టి చేతులతో వచ్చాడు. 'తోళ్ల ధర మండుతున్నది భాయ్, సోమవారం చూద్దాం' అన్నాడు. పోనీ మిగతా కుట్లయినా బిగిద్దామంటే, శనివారం తల్లి ఒంటి మీద ఇనుము పెట్టనియ్యనని కాక అడ్డం కూర్చున్నాడు. ఆదివారం కుట్టన్న ప్రార్థన. ముగ్గురు మనుషులకు మూడు పవిత్రమైన రోజులు. పుట్టి మాత్రం బోర్లా పడుకుని, అడుగున చిల్లుతో, అన్ని రోజులూ ఎండలో ఎండింది. నేను నవ్వుకున్నాను. 'ముగ్గురు దేవుళ్లకూ సెలవులిచ్చిండ్రు, నదికి కూడా ఒక రోజు ఇయ్యరాదుండ్రి' అన్నాను. ఎవరూ నవ్వలేదు గాని, నేను మాత్రం బాగా నవ్వాను.

ఆదివారం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మబ్బు తునక లేదు. మా నది సంగతి తెలియనివాళ్లకు ఇది చెప్పాలి. మా నెత్తిన చినుకు పడకపోయినా వరద వస్తుంది. ఎక్కడో పడమటి కొండల్లో కురిసిన వాన, మా దగ్గర ఎండ కాస్తుండగా వచ్చి కాళ్లు తడుపుతుంది.

పొద్దు కొంచెం ఎక్కాక కాక ఒడ్డున గొంతుక్కూర్చుని నీళ్లకేసి చూస్తున్నాడు. పొద్దున తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడ్డాయి. అంచున నురుగు, ఎండు పుల్లలు. ఆయన ఒక పుల్ల తీసి నీటి అంచున గుచ్చాడు. నేను చుట్ట అంటించుకుని వచ్చేసరికి పుల్ల లేదు.

'కొత్త నీళ్లురా' అన్నాడు.

'ఏడికి పోయింది కాకా పుల్ల?'

'సప్పుడు చెయ్యకు. ఆ గడ్డ దిక్కు చూడు.'

గడ్డ మీద ఎవరో నల్లటి గొంగడిని గుండ్రంగా తిప్పుతున్నారు. నిన్న మోకాలి లోతు ఉన్న పాయలో మనిషిని ఈడ్చుకుపోయే వరద నడుస్తోంది. గడ్డకు ఇటు చివర ఉన్న తుంగ అప్పుడే నీళ్లలో వంగిపోయింది. గొర్రెలన్నీ ఎత్తు మీదికి చేరి ఒకదాన్నొకటి ఒత్తుకుంటున్నాయి. సాయంత్రం దాకా ఆ ఎత్తు నిలుస్తుందని కాక అనలేదు. 

నేను పక్క ఊరికి పరుగెత్తాను. కుట్టన్న ప్రార్థనలో కళ్లు మూసుకుని ఉన్నాడు. వెనక నుంచి చొక్కా లాగాను. సంగతి విని ఆయన వెంటనే లేచాడు. తెల్ల చొక్కా విప్పి భార్య చేతిలో పెట్టి నాతో పరుగెత్తాడు.

రేవుకు వచ్చి పుట్టి అడుగు చూసి కూలబడ్డాడు. 'తోలేది?'

చిచ్చా తల గోక్కున్నాడు. 'నీ కాడ గుంటల నానబెట్టింది లేదా?'

'ఉన్నది, పచ్చిది. నీళ్లు తగలంగనే సాగుతది, కుట్టు ఇడుస్తది. దాన్నేసి నేను మనుషుల్ని ఎక్కియ్య. నూనె తాగిన తోలు గావాలె. నీళ్లల్ల నానినా సాగనిది.'

'గట్లాంటిది ఈడ ఏడ దొరుకుతది భాయ్ ఇప్పుడు?'

కుట్టన్న తల తిప్పి ఎగువకు చూశాడు. మేమూ చూశాం. చిచ్చా బావి గట్టున మోట నిలబడి ఉంది. దానికి నీళ్లు తోడే తోలు బొక్కెన వేలాడుతోంది. అది ఒక నిండు బర్రె తోలు. పోయిన ఎండాకాలమే కుట్టన్న కుట్టాడు. ఆముదం తాగి నల్లగా మెరుస్తోంది. వానలు పోయిన ఆ వారాల్లో మిరపతోట బతుకుతున్నది ఆ బొక్కెన మీదనే.

చిచ్చా చెవి మీది బీడీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. 'అది కోస్తే నా పుట్టి మునిగినట్లే' అన్నాడు. అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఒడ్డునే ఉన్నాడు గాని, నీళ్లు అప్పటికే ఆయన మంచం కోళ్ల దాకా వచ్చాయి.

గడ్డ మీద గొంగడి ఇంకా తిరుగుతోంది.

'అరే, చూస్తవేంది? పోయి కోసుకరా' అని నా మీద అరిచాడు. మోట తాళ్లు విప్పుతుంటే ఆయనే వచ్చి చేయి వేశాడు. నా చేతిలోని కత్తి తీసుకుని బొక్కెనను తనే నిలువునా కోశాడు. ఒకసారి కూడా తోట వైపు తిరగలేదు.

కుట్టన్న కుట్టడం మొదలుపెట్టాడు. కాక తోలు లాగి పట్టుకున్నాడు, నేను నానబెట్టిన తోలు వారు అందించాను, చిచ్చా కుట్టు కుట్టుకూ ఆముదం రుద్దాడు.  నీళ్లు మెల్లమెల్లగా మా మడమల దగ్గరికి వచ్చాయి. పుట్టిని కొంచెం పైకి జరుపుకుని కుట్టాం. మళ్లీ వచ్చాయి. మళ్లీ జరుపుకున్నాం.

పొద్దు నడినెత్తి దాటాక కుట్టన్న పళ్లతో వారు కొస తెంపాడు. 'నేనేసిన తోలుకు నేను జిమ్మెదారు. పాత కుట్లకు కాదు. ఎండకు పెళుసెక్కినయ్. ఒక్కసారి పోయి రాండ్రి. రెండోసారికి నేను మాటియ్య.'

'ఒక్కసారే పోతం' అన్నాడు కాక.

పుట్టిని నెత్తిన బోర్లించుకుని కాకా నేనూ ఎగువకు చాలా దూరం మోసుకుపోయాం. నేరుగా దించితే వరద గడ్డను దాటించి ఈడ్చుకుపోతుంది. పైనుంచి వదిలితే గడ్డకు తగలొచ్చు. తగలకపోతే ఏమవుతుందో కాక చెప్పలేదు. తగిలింది. గడ్డ కొసన తుంగను పట్టుకుని వేలాడి ఆగాం.

ముసలాయన మమ్మల్ని చూసి నవ్వాడు. 'నీ పుట్టిల ఎన్ని గొర్లు పడ్తయి?'

'ఒక్కటి కూడా పడదు. మీరిద్దరు ఎక్కుండ్రి. మల్లొచ్చేది లేదు' అన్నాడు కాక.

'నా కోడల్ని తీసుకపోండ్రి. నేనుంట.'

'ఏడుంటవు తాతా? పొద్దు గూకేసరికి ఈడ గడ్డుండది.'

'మంద ఉన్నకాడ ఉంట.'

కోడలు అప్పటిదాకా గొంగడి మడత పెడుతోంది. పాతికేళ్లు కూడా ఉండవు. మామ ఎదురుగా నిలబడింది. 'గట్లైతే నేను గూడ ఉంట. నీ కొడుకొచ్చి అడిగితే గొర్రెలేం జెప్పవు. ఎవరో ఒకరం ఉండాలె జెప్పెటందుకు. ఇద్దరం ఈడ్నే నీళ్ల పాలైతే వానికి చెప్పేదెవరు?'

ముసలాయన కోడలి మొహం చూడలేదు. మందను చూశాడు. అందులో ముందు నిలబడిన పెద్ద పొట్టేలు మమ్మల్నే చూస్తోంది. దాని మెడలో గంట.

'దాన్ని ఎక్కిస్తవా?' అని కాకను అడిగాడు. 'అది కండ్లకు కానొస్తే కడమవి నీళ్లల్ల దిగుతయి. మొన్ననే ఉన్ని కత్తిరించినం. బరువెక్కవు. ఈదుతయి.'

పుట్టిలో డెక్కలున్న దాన్ని నిలబెట్టడం కాక ఎన్నడూ ఒప్పుకోలేదు. మేకపిల్లనైనా కాళ్లు కట్టి ఆకుల మీద పడుకోబెట్టేవాడు. ఆ రోజు ఆయన గడ్డను చూశాడు. మేము దిగినప్పుడు ఎండుగా ఉన్న చోట నీళ్లు నిలిచాయి. 'డెక్కలకు బట్ట జుట్టు. కొమ్ములు ఇడిస్తే మాత్రం తెడ్డుతో కొడ్త' అన్నాడు. ఎవరిని కొడతాడో చెప్పలేదు.

ముసలాయన రుమాలు చింపి నాలుగు డెక్కలకూ చుట్టాడు. పొట్టేలును నడుమ నిలబెట్టి కొమ్ములు పట్టుకుని కూర్చున్నాడు. దాని మెడ తాడు మణికట్టుకు చుట్టుకున్నాడు. తుంగ వదిలేశాం.

మంద గట్టునే నిలబడింది. ముసలాయన నాలుకతో ఒక రకంగా టకటకలాడించాడు. పొట్టేలు అరిచింది. ఒక గొర్రె నీళ్లలోకి ముందరి కాళ్లు పెట్టి వెనక్కి లాక్కుంది. మళ్లీ పెట్టింది. దాని వెనక ఇంకొకటి తోసింది. ఆ తర్వాత మంద మొత్తం గడ్డ మీది నుంచి ఒక్కటిగా జారి నీళ్లలో పడింది. ఎర్రటి నీళ్ల మీద చెవులు, ముక్కులు మాత్రమే. అవన్నీ మా వెనకే వస్తున్నాయి. నేను తెడ్డు వేయడం మరిచి చూస్తుంటే కాక అరిచాడు.

నడి పాయకు రాకముందే కోడలు వంగి అడుగు చూసింది. ఆమెకు మా కట్టుబాట్లు తెలియవు. 'అయ్యా, మీ పుట్టిలకు నీళ్లొస్తున్నయ్' అంది, ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా.

మరో రోజైతే కాక ఆ మాట అన్నవాళ్లను ఎండగట్టేవాడు. 'చూసిన బిడ్డా' అన్నాడు అంతే.

కుట్టన్న వేసిన తోలు చుక్క కారలేదు. దాని పక్క పాత కుట్టు ఎండకు పెళుసెక్కి వేలెడంత నోరు తెరిచింది. నేను తెడ్డు పడేసి ముంత పట్టుకుని తోడాను. తోడినంతా వస్తోంది. ఆ నోరు ఇంకొంచెం పెద్దదైంది. కోడలు గొంగడి కొస మెలిపెట్టి ఆ సందులో కుక్కి, మిగతాది దాని మీద మడిచి వేసి, రెండు మడమలూ దాని మీద నొక్కిపట్టి కూర్చుంది. ఉన్ని నానేకొద్దీ ఉబ్బి, నీళ్ల రాక కొంత తగ్గింది.

'ఏమన్న చెప్పురా' అన్నాడు కాక, నావైపు చూడకుండా.

'ఏం జెప్పాలె?'

'రోజు వాగుతవు గద. ఆమెకు గుండె దిటవుగుంటది. ఏదన్న నవ్వు మాట చెప్పు.'

నా బతుకులో ఒక మనిషి నన్ను నవ్వించమని అడగడం అదే మొదటిసారి. అప్పటిదాకా అందరూ ఆపమనే అన్నారు. నోరు తెరిచాను. ఒక్క ముక్క రాలేదు. ముంతతో నీళ్లు తోడుతూ ఆమె వైపు చూశాను. ఆమే నన్ను చూసి, 'వద్దులే అన్నా, నువ్వు తోడు' అంది.

గడ్డకు రెండు పక్కలా వచ్చిన పాయలు కలిసే చోట సుడి ఉంటుంది. కాక దాన్ని తప్పించాలని పెద్ద తెడ్డు మీద పడుకున్నంత పని చేశాడు. మేం తప్పాం. మంద తప్పలేదు. వెనక వస్తున్న గొర్రెల వరుస పక్కకు వంగింది. కొన్ని తిరగడం మొదలుపెట్టాయి, మమ్మల్ని కాదని అటు పోసాగాయి. ముసలాయన నాలుక టకటకలాడుతూనే ఉంది. సుడి మోతలో అది వాటికి వినిపించలేదు. పొట్టేలు వాటివైపు తిరిగి కాళ్లు తన్నింది.

అప్పుడు నేను వంగి ముంత ముంచుతున్నాను. పుట్టి అంచు ఒక పక్క నీళ్లకు తాకేలా ఒరిగి, వెంటనే పైకి ఎగిరింది. తల ఎత్తితే నడుమ చోటు ఖాళీగా ఉంది. పొట్టేలు గుంజుకుని దూకితే తాడుతో పాటు ఆయన పోయాడో, లేక ఆయనే దాన్ని కొమ్ములు పట్టి మంద దగ్గరికి తీసుకుపోయాడో నేను చూడలేదు. చూసినట్టు చెప్పమని ఆ తర్వాత చాలామంది అడిగారు. నాకు ఆ తర్వాతిదే కనిపించింది. రెండు కొమ్ముల నడుమ ఒక తెల్లటి తల, సుడి అంచున.

'తిప్పు కాకా' అన్నాను.

'తిప్ప.'

'తాత పోతుండు కాకా.'

'తిప్పితే ఈ పిల్ల పోతది. తోడు.'

ఆమె అరవలేదు. నీళ్లకేసి చూస్తోంది, పెదాలు కదులుతున్నాయి. గొంగడి మీది మడమలు మాత్రం ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఇప్పుడు ఇది చెప్పడానికి నేను ఉండేవాణ్ని కాను. ఈ మాట నేను చాలాసార్లు చెప్పాను, ఎక్కువమంది నవ్వుతూ వినే సందర్భాల్లోనే చెప్పాను. అయినా అది నవ్వు మాట కాదు.

రేవుకు చాలా దిగువన ఒడ్డు తగిలింది. ఆమె దిగగానే పుట్టి అడుగు ఒక పక్కకు వేలాడిపోయింది. కుట్టన్న, చిచ్చా గట్టు వెంబడి పరుగెత్తుకొచ్చారు. చిచ్చా మనుషుల్ని చూసి 'అల్లా' అనుకుంటూ కూలబడి, వెంటనే లేచి, 'ముసలాయనేడి?' అని అడిగాడు.  ఆమె అప్పటికే ఒడ్డు వెంట దిగువకు పరుగెడుతోంది.

మేమంతా ఆమె వెనక పోయాం. ఒక మలుపు దగ్గర గొర్రెలు కనిపించాయి. ఒకటి, తర్వాత నాలుగైదు, తర్వాత ఒక గుంపు, ఒడ్డెక్కి వణుకుతూ నిలబడి ఉన్నాయి. కొన్ని నీళ్లలోనే ముళ్లకంపకు తట్టుకుని తేలుతున్నాయి, అవి ఇక లేవవు. చిచ్చా లుంగీ ఎగ్గట్టుకుని నడుము లోతులో దిగి, బతికున్నవాటిని చెవులు పట్టి లాగి ఒడ్డుకు విసిరాడు. పొద్దు పడమట వాలింది. ముసలాయన లేడు. కుట్టన్న పొద్దున సగంలో ఆపిన ప్రార్థన అక్కడ నడుస్తూ పూర్తి చేస్తున్నాడనుకుంటాను, గొణుగుతూ ఉన్నాడు. కాక మాత్రం ఒక్కసారి నన్ను ఆపి, నా భుజం పట్టుకుని, 'తిప్పనందుకు ఆమె నన్నేమంటదిరా?' అని అడిగాడు. నది మీద మాటకు తిరుగులేని మనిషి. తోచిన తమాషా మాటను మింగి, ఆమె పోయిన దిక్కుకే నడిచాను.

గంట మోత ముందు ఆమెకే వినిపించింది.

నీళ్లలో సగం మునిగిన తుమ్మచెట్టు. దాని వెనక, ఒడ్డుకు అంటుకున్న బురదలో పొట్టేలు నిలబడి గడ్డి పీకుతోంది. దాని పక్కన ముసలాయన పడి ఉన్నాడు, మొహం పొట్టేలు ముందరి కాళ్లకు ఆనించి. ఒక చేయి కొమ్ముకు, ఒక చేయి తాడుకు. బతికే ఉన్నాడు. వేళ్లు బిగుసుకుపోయాయి, వదలమంటే వదలడం లేదు.

ఆమె బురదలో మోకాళ్ల మీద కూర్చుంది. కొమ్ము మీది వేళ్లను ఒక్కొక్కటే విప్పసాగింది.

'ఎన్నొచ్చినయ్?' అన్నాడు ముసలాయన, కళ్లు తెరవకుండా.

మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లెక్కబెట్టినవాళ్లెవరూ లేరు. ఒడ్డు పొడవునా నిలబడినవి ఎన్నో, కంపకు తేలుతున్నవి ఎన్నో. ఆయన మళ్లీ అడిగాడు.

'ఎన్నొచ్చినయ్ బిడ్డా? వానికి చెప్పాలె.'

ఆమె ఆయన చిటికెన వేలు విప్పింది. దాన్ని తన చేతుల మధ్య పెట్టి రుద్దింది.

'ముందుగాల నువ్వొచ్చినవ్ మామా' అంది. 'కడమవి రేపు లెక్కబెడదం.'

ఆయన ఇంకో చేయి ఆమెకు ఇచ్చాడు, విప్పమని.